చైన్ పడితే పిల్లల్నే వేసుకోనివ్వండి



జులైలో ఒక సోమవారం మా సెవెన్త్ క్లాస్ అబ్బాయి ఒకడు ఫస్ట్ పీరియడ్ అయ్యాక వచ్చాడు. కొత్తకోట రోడ్డులో సైకిల్ చైన్ పడిపోయిందట. అక్కణ్ణుంచి స్కూల్ దాకా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. "చైన్ వేసుకోలేకపోయావా నాన్నా?" అని అడిగాను. "షర్ట్‌కి గ్రీజు అంటితే మీరు డైరీలో రాస్తారు, ఇంట్లో అమ్మ తిడుతుంది టీచర్" అన్నాడు. నిజమే. అంతకు ముందు వారం ఇంకో పిల్లాడి డైరీలో అలాంటి రిమార్క్ రాసింది నేనే.

షాపులో ఇస్తే అయిపోతుంది కదా, ఈ చదువుల మధ్య ఇదెందుకు అని మీలో కొందరు అంటారు. కానీ షాపు సెంటర్లో ఉంటుంది, చైన్ పడేది చెరుకు ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మధ్యలో. గేర్లు లేని సైకిల్‌కి ఇది రెండు నిమిషాల పని. రోడ్డు పక్కకి తీసి స్టాండ్ వేయాలి. చైన్‌ని ముందు వెనక ఫ్రీవీల్ పళ్ల మీద పెట్టి, తర్వాత పెడల్ దగ్గరి పెద్ద చక్రం పైపళ్లకి తగిలించి, పెడల్ మెల్లగా ముందుకి తిప్పితే మిగతాది అదే ఎక్కుతుంది. వేళ్లు కాదు, పుల్ల వాడమనండి. ఒకరు చైన్ పట్టుకుని ఉంటే ఇంకొకరు పెడల్ తిప్పకూడదు, వేళ్లు నలిగేది అక్కడే.

మాటిమాటికీ పడుతుంటే చైన్ వదులైనట్టు. వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని వంకర పోకుండా వెనక్కి లాగి బిగించాలి. ఇది మొదటిసారి మీరు దగ్గరుండి చేయించండి.

చైన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు, లోపలి పిన్నులు అరుగుతాయి. కొత్త చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం. అంటే 24 ఖాళీలకి 12 అంగుళాలు. పిల్లల దగ్గరుండే పెద్ద స్కేలు పెట్టి కొలవమనండి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే కొత్త చైన్ కొనాలి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే పళ్లు కూడా అరిగిపోతాయి, కొత్త చైన్ వేసినా జారుతుంది, ఖర్చు రెండింతలు. (ఫ్రాక్షన్స్ ఎందుకు టీచర్ అని అడిగేవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.)

చైన్ మార్చడం మాత్రం షాపు పనే. అయినా పిల్లల్ని పంపి, పక్కన నిలబడి చూడమనండి.

చేతికంటిన గ్రీజుకి కాస్త కొబ్బరినూనె రాసి సబ్బుతో కడిగితే పోతుంది. షర్ట్ మరక అంత తేలిగ్గా పోదు. దానికి డైరీలో ఇక నేను రిమార్క్ రాయను, మీరూ ఆ ఒక్క రోజుకి తిట్టకండి.