చలాన్లు పడుతూనే ఉన్నాయి.. మరి అతివేగం ఎందుకు ఆగడం లేదు?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు శివార్లలోని చిన్నటేకూరు దగ్గర ఓ ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ఆ బస్సులో 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదం తర్వాత ఈ-చలాన్ రికార్డులు తిరగేస్తే ఒక విషయం బయటపడింది. 2024 జనవరి నుంచి 2025 అక్టోబర్ మధ్య అదే బస్సుపై తెలంగాణలో 16 చలాన్లు నమోదయ్యాయి. కట్టాల్సిన మొత్తం 23,120 రూపాయలు. వాటిలో 9 నో ఎంట్రీ ఉల్లంఘనలు. మిగతా వాటిలో అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్ ఉన్నాయి.

ఆ ప్రమాదానికి ఈ చలాన్లే కారణమని చెప్పలేం. అంతకుముందే డివైడర్‌ను ఢీకొని రోడ్డుపై పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు అంటుకున్నాయి. అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 16 సార్లు రూల్స్ తప్పి దొరికిన బస్సు మళ్లీ ప్రయాణికులను ఎక్కించుకుని బయల్దేరడానికి ఎక్కడా అడ్డంకి ఎందుకు ఎదురవలేదు? చలాన్ వేయడం, చట్టాన్ని అమలు చేయడం ఒకటేనా?

వేగం ఎందుకంత ప్రమాదం?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఈ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. మద్యం తాగి నడపడం, రాంగ్ రూట్, సెల్‌ఫోన్ లాంటి కారణాలన్నీ దీని తర్వాతే.

దీని వెనుక ఉన్నది మామూలు లెక్కే. మీరు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతారు. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చారని గమనించి, కాలు బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకోండి. బ్రేకు పడక ముందే 17 మీటర్లు అయిపోయాయి. ఆపై పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారైనా ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. అదే 100 కిలోమీటర్ల వేగంలో ఈ రెండూ కలిపి 80 మీటర్లు దాటుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘ఎంత, ఓ పది ఎక్కువేగా’ అని మనం తేలిగ్గా తీసుకునే పది కిలోమీటర్ల విలువ అది.

చట్టంలో ఏముంది?

చట్టంలో పదును తక్కువేమీ కాదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలోని సెక్షన్ 183 ప్రకారం, అతివేగానికి కార్ల లాంటి తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు, లారీలు, బస్సుల్లాంటి వాటికి 2,000 నుంచి 4,000 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. సెక్షన్ 184 కింద ప్రమాదకరంగా నడిపితే తొలిసారే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అంతకుముందే, 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ రాష్ట్రాలకు స్పష్టంగా ఒక మాట చెప్పింది. అతివేగం, సిగ్నల్ జంపింగ్, ఓవర్‌లోడింగ్, మద్యం తాగి నడపడం, డ్రైవింగ్‌లో సెల్‌ఫోన్ లాంటి ఉల్లంఘనలకు కనీసం 3 నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని సూచించింది. అతివేగంతో చలాన్ పడినవాళ్లు మీకు తెలిసినవారిలో ఎంతమంది ఉంటారు? లైసెన్సు సస్పెండ్ అయినవాళ్లు ఎంతమంది? ఈ రెండు సంఖ్యల మధ్య తేడాలోనే అసలు సమస్య ఉంది.

అమలు ఎక్కడ ఆగిపోతోంది?

మొదటిది, చలాన్ పడేది బండి నంబరు మీద. తప్పు చేసేది స్టీరింగ్ పట్టినవాడు. కెమెరా నంబరు ప్లేటును ఫొటో తీస్తుంది, మెసేజ్ యజమాని ఫోనుకు వెళ్తుంది. డ్రైవర్ లైసెన్సుకు మచ్చే అంటదు. సొంత కారు, సొంత బైకు విషయంలో యజమానే డ్రైవర్ కాబట్టి కొంత భయం ఉంటుంది. ట్రావెల్స్ బస్సు, టిప్పర్, ట్యాక్సీ లాంటి వాటిలో ఆ ముడి తెగిపోతుంది. యజమానికి అది డీజిల్, టోల్ లాగే ఇంకో ఖర్చు. డ్రైవరుకు టైముకు చేర్చాలన్న ఒత్తిడే తప్ప చలాన్ భయం లేదు. నిజానికి ఆ సమయంలో బండి ఎవరు నడిపారో, వారి లైసెన్సు వివరాలేమిటో పోలీసులు అడిగితే యజమాని చెప్పి తీరాలని సెక్షన్ 133 అంటోంది. ఆ ప్రశ్న అడగకుండా డబ్బు కట్టించుకుని ఫైలు మూసేస్తే, అదే డ్రైవర్ రేపు మరో నంబరు బండి ఎక్కుతాడు.

రెండోది, రాయితీలు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్లపై బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ ఇచ్చారు. ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లు, లారీలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం. గడువు కూడా పొడిగించారు. పేరుకుపోయిన బకాయిలు వసూలు చేయాలన్న ప్రభుత్వ ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని ఫలితం చూడండి. 1,000 రూపాయల చలాన్‌ను వెంటనే కట్టిన బైకు యజమాని జేబు నుంచి 1,000 పోయింది. కట్టకుండా కూర్చున్నవాడికి 200తో సరిపోయింది. అంటే, బుద్ధిగా కట్టినవాడే నష్టపోయాడు.

మూడోది, కెమెరా ఉన్నచోటే క్రమశిక్షణ. స్పీడ్ గన్ కనిపించగానే బ్రేకు వేసి, దాటగానే యాక్సిలరేటర్ తొక్కడం మనందరికీ తెలిసిన విద్యే. 2019 నవంబర్‌లో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద పరిమితి 40 కిలోమీటర్లు. 100 దాటిన వేగంతో వచ్చిన కారు అదుపుతప్పి కిందపడితే, కింద నిలబడి ఉన్న మహిళ చనిపోయారు. ఫ్లైఓవర్ ప్రారంభించి మూడు వారాలు కూడా కాలేదు. దాన్ని మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేశాక 2020 జనవరిలో తిరిగి తెరిచారు. బోర్డు మీద 40 అని రాసినంత మాత్రాన వేగం తగ్గదు, రోడ్డు కూడా ఆ వేగానికే వీలిచ్చేలా ఉండాలని ఆ ఘటన చెప్పింది.

‘మాటు వేసి ఫొటోలు తీస్తున్నారు’ అన్న ఫిర్యాదు మాటేమిటి?

అందులో న్యాయం ఉంది. కేంద్రం 2021 ఆగస్టులో తెచ్చిన 167ఏ నిబంధన ప్రకారం, కెమెరాలతో నిఘా ఉన్నచోట ఆ సంగతి తెలిపే బోర్డు కనిపించేలా పెట్టాలి. పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఫొటో, తేదీ, సమయం, స్థలం, పరికరం నమోదు చేసిన కొలత అందులో ఉండాలి. కెమెరా పని జనాన్ని పట్టుకోవడం కాదు, వేగం తగ్గేలా చేయడం. చెట్టు చాటు కెమెరాతో చలాన్ల సంఖ్య పెరుగుతుంది కానీ ఆ మలుపులో వేగం తగ్గదు. నెలకు ఎన్ని చలాన్లు వేశారన్నది కాకుండా, ఆ రోడ్డులో ప్రమాదాలు ఎన్ని తగ్గాయన్నదే పోలీసుల పనికి కొలమానం కావాలి.

మీరేం చేయొచ్చు?

- మీ బండి నంబరుతో ఈ-చలాన్ పోర్టల్‌లో తరచూ చూసుకోండి. మెసేజ్ రాలేదన్న కారణంతో చలాన్ పోదు. ఫొటోలో ఉన్నది మీ బండేనా, స్థలం, సమయం సరిపోతున్నాయా అని గమనించండి. తప్పుగా పడితే ఆధారాలతో ఫిర్యాదు చేయండి.
- బండి అమ్మేస్తే రిజిస్ట్రేషన్ బదిలీ పూర్తయ్యేదాకా వదలకండి. అప్పటిదాకా చలాన్లు మీ పేరునే వస్తాయి.
- ట్రావెల్స్ బస్సు ఎక్కే ముందు, నంబరు తెలిస్తే దాని చలాన్లు కూడా చూడొచ్చు. రవాణా వాహనాల్లో ఎక్కువ భాగానికి 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ తప్పనిసరి. బస్సు అంతకు మించి దూసుకెళ్తుంటే ఆ పరికరం పనిచేయట్లేదనో, తీసేశారనో అర్థం. ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది రాసుకుని రవాణా శాఖకు ఫిర్యాదు చేయండి.
- మైనర్ చేతికి బండి ఇవ్వకండి. వారు తప్పు చేస్తే తల్లిదండ్రులు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానాతో పాటు 3 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

జరిమానా ఎంత పెంచాలన్న దానిపై మన దగ్గర చర్చ జరుగుతూనే ఉంటుంది. దానికన్నా ముందు తేలాల్సింది వేరే ఉంది. ఒకే బండిపై మూడో అతివేగం చలాన్ పడగానే నడిపిందెవరని యజమానిని అడగాలి, ఆ లైసెన్సు ఆర్టీఓ ముందుకు రావాలి. అది ప్రయాణికుల బస్సయితే పర్మిట్ సంగతి కూడా తేల్చాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పోలీసు శాఖ దగ్గరున్న చలాన్ల జాబితా, రవాణా శాఖ దగ్గరున్న లైసెన్సుల జాబితా ఒకచోట చేరి, వాటిని చూసి చర్య తీసుకునే అధికారి ఉంటే చాలు.