పొయ్యి ఎక్కకూడదని ఎవరన్నారు?

ఆలివ్ నూనె విషయంలో మన పట్టణాల వంటిళ్లలో ఒక సూత్రం పాతుకుపోయింది. ఎక్‌స్ట్రా వర్జిన్ సలాడ్ మీద చల్లుకోవడానికే, పొయ్యి మీద పెడితే విషమవుతుంది; పోపుకీ వేపుడుకీ పామస్ నూనె గానీ ‘ఎక్‌స్ట్రా లైట్’ గానీ వాడాలి. సూపర్‌మార్కెట్లో సరుకు చూపించే కుర్రాడి దగ్గర్నుంచి డల్లాస్‌లో ఉన్న మేనకోడలి దాకా అందరిదీ ఇదే పాట. భారతీయ వంటలకు తగినదని కొన్ని సీసాల మీదే అచ్చేసి ఉంటుంది. ఈ సూత్రంలో మొదటి సగం తప్పు. రెండో సగం ఆ తప్పును ఆసరా చేసుకున్న వ్యాపారం.

ఆలివ్ పండే చోట జనం ఏం చేస్తున్నారో ముందు చూద్దాం. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలివ్ నూనె తీసేది స్పెయిన్. ఆ దేశపు దక్షిణాన హాయెన్ అనే ఒక్క ప్రాంతంలోనే 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. అక్కడ ఎక్కువగా పండే రకం పికువల్. ఆ నూనెలోనే గుడ్లు పొరలుతాయి, బంగాళాదుంప ముక్కలు మునిగి వేగుతాయి. చిన్న చేపలకు పిండి పట్టించి అందులోనే వేయిస్తారు. రోమ్‌లో యూదుల వంటకంగా పేరుపడ్డ ఆర్టిచోక్‌ల వేపుడు ఆలివ్ నూనెదే. గ్రీసులో కూరగాయలను ధారాళంగా ఆలివ్ నూనె పోసి ఉడికించే వంటలదే ఒక పెద్ద వర్గం ఉంది. కరువు దెబ్బకు 2023లో ధర ఆకాశాన్నంటినప్పుడు స్పెయిన్‌లో చాలామంది పొద్దుతిరుగుడు నూనెకు మారిన మాట నిజమే. అది జేబు తెచ్చిన కష్టం గానీ విషభయం కాదు.

మరి ఈ భయం ఎక్కడిది? పొగ వచ్చే ఉష్ణోగ్రత అనే లెక్క నుంచి. రిఫైన్డ్ నూనెలు 220 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ పొగ చూపవు, ఎక్‌స్ట్రా వర్జిన్ 190 నుంచి 210 మధ్యలో చూపుతుంది, కాబట్టి అది వంటకు పనికిరాదంటారు. లెక్క సరే, అన్వయమే తప్పు. బజ్జీలు, గారెలు వేగేది 160 నుంచి 180 డిగ్రీల మధ్య. నూనె పొగలు కక్కేదాకా ఆగి పోపు పెట్టే ఇల్లాలు ఉంటే ఆమెకు ఏ నూనె అయినా ఒకటే.

అసలు వేడికి నూనె చెడేది పొగను బట్టి మాత్రమే కాదు. అందులోని కొవ్వు ఎలాంటిది, దాన్ని కాపాడే పదార్థాలు ఎన్ని ఉన్నాయి అన్నవే ముఖ్యం. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా ఉండేది లినోలియిక్ ఆమ్లం. గాలీ వేడీ తగిలితే అది తొందరగా విరుగుతుంది. ఆలివ్ నూనెలో 55 నుంచి 83 శాతం దాకా ఉండేది ఓలియిక్ ఆమ్లం, అది వేడికి నిలుస్తుంది. దానికి తోడు శుద్ధి చేయని నూనెలో పాలీఫినాల్స్, విటమిన్ ఇ మిగిలి ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఒక ప్రయోగశాల 10 రకాల వంటనూనెలను 180 డిగ్రీల దగ్గర 6 గంటలు కాచి, 2018లో ఫలితాలు ప్రకటించింది. వేడికి పుట్టే హానికర ధ్రువ పదార్థాలు అన్నిటికంటే తక్కువ తేలింది ఎక్‌స్ట్రా వర్జిన్‌లోనే. ఆ ప్రయోగశాలకు ఆలివ్ పరిశ్రమతో సంబంధం ఉంది, కనుక ఒక్క దాన్నే పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ రసాయన శాస్త్రం చెప్పేదీ, మధ్యధరా వంటిళ్ల అనుభవం చెప్పేదీ అదే.

ఇక పామస్ సంగతి. నువ్వులు గానుగాడాక మిగిలే తెలగపిండి మనకు తెలుసు. ఆలివ్ కాయల నుంచి నూనె తీశాక మిగిలే తొక్కా గింజా పిప్పి కూడా అలాంటిదే. ఆ పిప్పిని ఎండబెట్టి, హెక్సేన్ వంటి ద్రావకంతో చివరి చుక్కలు లాగి, రంగూ వాసనా పోయేలా శుద్ధి చేసి, పేరుకి కాస్త వర్జిన్ కలిపితే పామస్ నూనె అవుతుంది. ఇది విషమని నేననను. అయితే ఒక చిత్రం చూడండి. 2001లో స్పెయిన్ ప్రభుత్వం బెంజోపైరీన్ అనే హానికర పదార్థం మోతాదు మించిందని అమ్మకాలు ఆపించింది ఈ పామస్ నూనెనే. ఇప్పుడు దానికి పరిమితులున్నాయి, శుద్ధి పద్ధతులూ మెరుగుపడ్డాయి. నా అభ్యంతరం వేరు. రుచి లేదు, వాసన లేదు, ఆలివ్‌ను ఆలివ్ చేసే గుణాలు చాలావరకు లేవు, ధర మాత్రం దిగుమతి ధర. ‘ఎక్‌స్ట్రా లైట్’ కూడా ఆ బాపతే. శుద్ధిలో తేలికయ్యేది రుచే. కేలరీలు ఏ నూనెలోనైనా గ్రాముకు 9.

గుండెకు మంచిదనే మాటతో ఈ సరుకు అమ్ముడుపోవడం మరీ అన్యాయం. ఆలివ్ నూనె మేలు గురించి చెప్పేటప్పుడు అందరూ ముందుకు తెచ్చేది స్పెయిన్‌లో 7,000 మందికి పైగా పాల్గొన్న ప్రెడిమెడ్ అధ్యయనాన్ని. 2013లో వెలువడింది. కొందరిని ఏ వర్గంలో చేర్చాలో ఎంచడంలో లోపాలు బయటపడటంతో వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించారు. సారాంశం మారలేదు. ఆ అధ్యయనంలో ఇళ్లకు పంచింది ఎక్‌స్ట్రా వర్జిన్. దాని ఫలితం చూపించి పామస్ డబ్బా చేతిలో పెట్టడాన్ని మోసమనడానికి నాకు మొహమాటం లేదు.

సరే, ఎక్‌స్ట్రా వర్జిన్ అని రాసి ఉన్నదల్లా మంచిదేనా? కాదు. అంతర్జాతీయ ఆలివ్ మండలి ప్రమాణం ప్రకారం ఆమ్లత 0.8 శాతం మించకూడదు, రుచి చూసే బృందానికి ఒక్క దోషం కూడా తగలకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ 2010లో అక్కడి దుకాణాల సీసాలు పరీక్షిస్తే, దిగుమతి నమూనాల్లో 69 శాతం రుచి పరీక్షలో తప్పాయి. అందుకని సీసా మీద బొమ్మ చూసి మురిసిపోవద్దు. కాయ కోసిన నెల, సంవత్సరం వేసి ఉందో లేదో చూడండి; ‘ఫలానా తేదీ లోపు వాడండి’ అన్నది నింపిన రోజు నుంచి వేసిన లెక్క, దానితో తాజాతనం తెలియదు. ముదురు రంగు సీసా గానీ రేకు డబ్బా గానీ తీసుకోండి. షాపు దీపాల కింద నెలల తరబడి నిలబడ్డ తెల్లగాజు సీసా వద్దు. పచ్చగా ఉంటే మంచిదన్నది ఇంకో భ్రమ. నిపుణులు రంగు కనబడకూడదనే నీలం గాజు గ్లాసులో పోసుకుని రుచి చూస్తారు. ఒక గుక్క మింగితే నాలుకకు చేదు, గొంతులో మంట, ఒకోసారి దగ్గు రావాలి. మనవాళ్లు ఆ మంటకే పాడైందని పారబోస్తారు! ఆ మంట ఓలియోకాంథాల్ అనే పదార్థానిది, తాజా నూనెకు గుర్తు. పాడైన నూనె ముక్కిన వాసన వేస్తుంది.

రకాలు కూడా తెలిసి కొనాలి. స్పెయిన్ పికువల్, ఇటలీ దక్షిణాది కొరతీనా ఘాటు, చేదు ఎక్కువున్నవి, వేడికి బాగా ఆగుతాయి. అర్బెకీనా మెత్తన, కాస్త తీపి. దాన్ని తొందరగా ఖాళీ చేయాలి. ఒకే తోటలో తొలికోత కాయతో తీసిన ఖరీదైన నూనెలో గారెలు వేయించమని నేను చెప్పడం లేదు. వేడికి సువాసన ఎగిరిపోతుంది, పాలీఫినాల్స్ కొన్ని తగ్గుతాయి, డబ్బు దండగ. రోజువారీ వంటకు ఓ మోస్తరు ఎక్‌స్ట్రా వర్జిన్ చాలు. ఖరీదైనది కాల్చిన వంకాయ పచ్చడి మీద, పప్పుచారు కాని ఏ సూప్ మీదైనా, దించాక ఒక చెంచా.

ఆవకాయలో మాత్రం పోయకండి. అది నువ్వుల నూనె రాజ్యం. పల్లీ నూనెతో దిగిన వేపుడుకీ ఆలివ్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఆలివ్ రుచి కావాలనుకుంటే ఎక్‌స్ట్రా వర్జిన్ కొని ధైర్యంగా పొయ్యి మీద పెట్టండి. ఆ రుచి అక్కర్లేకపోతే ఆలివ్ నూనే అక్కర్లేదు. పామస్ డబ్బా అక్కడే వదిలేసి, ఆ డబ్బుతో మంచి గానుగ నూనె తెచ్చుకోండి.