ట్యూబు పూస్తే పోయే మచ్చలేనా?

వరినాట్లు ముగిశాయంటే కాళ్లపై దురద, గోధుమరంగు మచ్చలంటూ కూలీలు మందుల షాపుల మెట్లెక్కుతారు. కొన్నిచోట్ల డాక్టరు చీటీ అడగకుండానే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడుతున్నారు. పూయగానే దురద తగ్గుతుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. తామర అయితే మరింత పాకుతుంది. ఈ క్రీములను చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన పెట్టింది. అడిగే నాథుడేడి?

మచ్చలన్నీ ఒకటి కావు. గోకిన పుండు మానినచోట మిగిలే నలుపు, మళ్లీ గోకకపోతే కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది. చీలమండల పైన మచ్చలతోపాటు సాయంత్రానికి కాళ్లు వాస్తుంటే సిరల్లో రక్తం నిలుస్తోందేమో చూపించుకోవాలి. రంగు మారినచోట స్పర్శ తెలియకపోతే కుష్ఠు కావచ్చు. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది. ట్యూబులతో కాలయాపన చేస్తే అవిటితనమే మిగులుతుంది.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పల్లె షాపులను కూడా తనిఖీ చేయాలి. నాట్ల కాలంలో వారానికొక రోజైనా చర్మవ్యాధుల డాక్టరును మండల కేంద్రానికి పంపాలి. కూలి మానుకుని జిల్లా ఆసుపత్రి దాకా వెళ్లలేని వారికి అదే మేలు.