పొగమంచులో రెండు చక్రాలు

ఢిల్లీ చలిని గురించి మన ప్రాంతం వారికి ఎంత చెప్పినా తక్కువే. అయితే ఉష్ణమాపకం చూపే అంకె కంటె, తెల్లవారుజామున రహదారులను కప్పివేసే పొగమంచే ఇక్కడ ఎక్కువ ప్రమాదకరమైనది. ఈ జనవరిలో ఒక శనివారం, ఇంకా ఆరు గంటలు కాకముందే, నేను హర్యానా సరిహద్దు దాటి కుండ్లీ వద్ద జాతీయ రహదారి పక్కన ఒక టీ దుకాణంలో కూర్చుని ఉన్నాను. 2020-21 శీతకాలంలో రైతులు బైఠాయించిన సింఘూ సరిహద్దు అక్కడికి కూతవేటు దూరమే. పది గజాల అవతల ఏమున్నదో కనిపించడం లేదు. లారీల మోతే తప్ప లారీలు లేవు.

ఇంతలో ఢిల్లీ వైపు నుంచి దీపాల బారు ఒకటి మెల్లగా తేలుతూ వచ్చింది. ముప్ఫై మంది దాకా సైకిళ్ళ మీద ఉన్నారు. వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన సైనికాధికారి ఒకరు, నలుగురైదుగురు మహిళలు. పానిపట్టు దాటేదాకా పోయి, రాత్రికి తిరిగి రాజధాని చేరాలన్నది వారి సంకల్పం. ఇది పందెం కాదు, బహుమతి లేదు. ఫ్రెంచివారి నుంచి వచ్చిన ఈ వ్యాసంగాన్ని ‘బ్రెవే’ అంటారు. రెండు వందల కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో పూర్తి చేయాలన్నది నియమం. జనవరి మొదట్లో ఢిల్లీలో పగలు పది గంటల పైచిలుకు మాత్రమే. అందుచేత గడువంతా వాడుకొనే వారికి చీకటిలో ప్రయాణం తప్పదు. ముందు దీపం, వెనుక ఎర్ర దీపం, వెలుగు పడితే మెరిసే అంగీ లేనిదే రాత్రివేళ ఎవరినీ సాగనివ్వరు.

గుంపుగా పోవడంలో ఉన్న కిటుకును ఆ సైనికాధికారి నాకు వివరించారు. ముందున్నవాడు ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతాడు. వెనుకనున్న వారికి శ్రమ చాలా వరకు తగ్గుతుంది. కొంత దూరం పోయాక ముందున్నవాడు వెనుకకు తప్పుకొంటాడు, మరొకడు ఆ భారం తలకెత్తుకొంటాడు. చలిలో వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు పట్టడమే కష్టమవుతుంది. చెమట పట్టిన ఒంటికి ఆగిన మరుక్షణమే వణుకు పుడుతుంది. దాహం తెలియదు గనుక నీరు తాగడం మరచిపోతారు. కాబట్టి ఒకరినొకరు కనిపెట్టి ఉండాలి. అందరికంటె నెమ్మదిగా తొక్కేవాని వేగమే గుంపు వేగం. అధికారంలో ఉన్నవారు ఈ నీతిని గ్రహిస్తే ఎంత బాగుండును!

కాని ఆనాడు నన్ను ఆకర్షించింది ఆ ముప్ఫై మంది కాదు. చివరి ఎర్ర దీపం వెనుక మరి నాలుగు సైకిళ్ళు వచ్చాయి. వాటికి దీపాలు లేవు. ఎక్కినవారు తలకు మఫ్లర్లు చుట్టుకొని, హ్యాండిలుకు టిఫిను డబ్బాలు తగిలించుకొని ఉన్నారు. కుండ్లీ ఫ్యాక్టరీలలో పనిచేసే కూలీలు. వారిలో ఒక నడివయస్కుడు టీ కోసం ఆగాడు. ఈ గుంపు వెంట ఎందుకు పడ్డారని అడిగాను. “వీళ్ళు వచ్చిన రోజున మాకు భయం లేదు బాబూజీ. లారీవాడు వీళ్ళను చూస్తాడు. వీళ్ళను తప్పించబోయి మమ్మల్నీ తప్పిస్తాడు” అన్నాడు. మిగతా రోజుల సంగతేమిటన్నాను. “దిగి, మట్టి అంచున తోసుకుంటూ నడుస్తాం. ఆలస్యమైతే పూట కూలి పోతుంది” అని గ్లాసు ఖాళీ చేసి లేచిపోయాడు.

మన రాజకీయాలకు సైకిలు కొత్తదేమీ కాదు. 1983 మార్చి 15న కాన్షీరాం వంద మంది అనుచరులతో ఢిల్లీ నుంచి సైకిళ్ళపై బయలుదేరి, నలభై రోజులు ఏడు రాష్ట్రాలు తిరిగారు. అదే సంవత్సరం డిసెంబరు 6న, అంబేద్కర్ వర్ధంతి నాడు, మరింత పెద్ద యాత్ర మొదలైంది. కన్యాకుమారి, కోహిమా, పూరీ, పోరుబందరు మొదలైన దేశపు కొసల నుంచి బయలుదేరిన దళాలు చలికాలమంతా ప్రయాణించి 1984 మార్చి 15కు ఢిల్లీ చేరాయి. ఆ తరువాత నెల తిరగకుండానే, ఏప్రిల్ 14న బహుజన సమాజ్ పార్టీ అవతరించింది. మోటారు వాహనాలకు డబ్బు లేనివారికి సైకిలే ప్రచార సాధనమైంది. గుంపుగా కదలడమే వారి బలమైంది.

ఇక ఎన్నికల గుర్తుగా సైకిలుకున్న ప్రతిష్ఠ తెలుగువారికి నేను చెప్పనవసరం లేదు. ఉత్తరప్రదేశ్‌లోనూ అంతే. 2017 జనవరి చలిలో తండ్రీకొడుకుల వర్గాలు ఈ గుర్తు కోసమే ఎన్నికల సంఘం ఎదుట వాదులాడుకున్నాయి. పేరుమోసిన న్యాయవాదులు సైకిలు ఎవరిదో తేల్చమన్నారు. ఆ సైకిలు తొక్కేవానికి రోడ్డులో వాటా ఎంత అన్న ప్రశ్న మాత్రం ఏ సంఘం ముందుకూ రాలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. కారున్న కుటుంబాలు నూటికి అయిదింటికి లోపే. రోడ్లు మాత్రం ఆ అయిదుగురి కోసమే అన్నట్లు వేస్తున్నారు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర 2008లో బస్సులకు, సైకిళ్ళకు ప్రత్యేక దారులు ఏర్పరచారు. కార్ల యజమానులు గగ్గోలు పెట్టారు. దీనిని రద్దు చేయాలన్న పిటిషనును 2012లో హైకోర్టు తోసిపుచ్చింది. అయినా 2016లో ఆ దారిని ప్రభుత్వమే తవ్వివేసింది. ఆ ఏర్పాటులో లోపాలు లేవనను. లోపాలు దిద్దడం మాని దారినే తీసివేయడం ఏ న్యాయం?

వేగ రహదారులపై సైకిళ్ళను రానివ్వడం ఆత్మహత్యా సదృశమని ఇంజనీర్లు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2023 ఆగస్టు 1 నుంచి బెంగుళూరు - మైసూరు రహదారి ప్రధాన మార్గంపై సైకిళ్ళ వంటి వాహనాలను నిషేధించడానికి చెప్పిన కారణం కూడ ఇదే. అయితే కాదన్నవారు మరొక దారి చూపవలె. పక్కన ఉండే సర్వీసు రోడ్డు సగం దూరం ఆగిన లారీలతో, సగం దూరం గుంతలతో ఉంటే, నిషేధం వల్ల ప్రాణం దక్కదు, కూలి పోతుంది.

కోరవలసినవి గొంతెమ్మ కోరికలు కావు. పారిశ్రామిక వాడలను చేరే సర్వీసు రోడ్లకు దీపాలు, సైకిళ్ళకు విడిచిన ఒక వారగా చోటు. సైకిళ్ళకు అమర్చే ప్రతిఫలకాల నాణ్యతపై కేంద్రం 2020లో ఉత్తర్వు జారీ చేసింది. కాని ఇప్పటికే రోడ్డు మీద ఉన్న పాత సైకిళ్ళ మాట దానితో తీరదు. డిసెంబరు రాకముందే ఫ్యాక్టరీ గేట్ల వద్ద మెరిసే పట్టీలు ఉచితంగా అంటించడానికి ఖజానా ఖాళీ కాదు. పొగమంచు నెలలలో షిఫ్టు వేళను గంట వెనుకకు జరపడానికి అసలే ఖర్చు లేదు.

ఆ ముప్ఫై మంది సరదాను నేను తప్పుపట్టడం లేదు. తెలియకుండానే వారు నలుగురు కూలీలను క్షేమంగా గేటు దాకా చేర్చారు. ప్రభుత్వం చేయవలసిన పనిని అపరిచితుల వెనుక దీపం చేస్తున్నది. మరుసటి సోమవారం అదే దుకాణం వద్ద మళ్ళీ కూర్చున్నాను. దీపాల బారు రాలేదు. మఫ్లర్ చుట్టుకొన్న ఆ మనిషి సైకిలు తోసుకుంటూ, మట్టి అంచున నడచి వచ్చాడు.