పెరిగే పిల్లవాడికి పెద్ద విల్లు తగదు

గోస్పాడు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ప్రజలకు విల్లు కొత్త వస్తువేమీ కాదు. ఏటా కనుమనాడు అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలైనప్పుడు చెంచులు స్వామి పల్లకి వైపు బాణాలు వేయడం, పిమ్మట పల్లకి ఊరూరా తిరగడం తాతముత్తాతల నాటి ఆచారం. అదే విల్లు నేడు ఆటగా కూడా పేరు తెచ్చిపెడుతున్నది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాల్గవ స్థానం వరకు వెళ్లాడు. అటువంటి వార్త చదివిన పిల్లవాడు తనకూ విల్లు కొనిపెట్టమని తండ్రిని అడగడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఏ విల్లు కొనాలన్నది తెలియక అప్పు చేసి నష్టపోయే ప్రమాదం ఉన్నది.

ధీరజ్ వాడేది కొనలు ముందుకు వంపు తిరిగిన విల్లు. దీనిని రికర్వ్ విల్లు అంటారు. 1972 నుంచి 2024 వరకు ఒలింపిక్ విలువిద్య పోటీలన్నీ ఈ రకం విల్లుతోనే జరిగాయి. పెద్ద పోటీలకు వాడే లోహపు పిడి విల్లు, దాని సరంజామా కలిపితే లక్ష రూపాయలు దాటుతుంది. నేర్చుకునేవానికి అంత అవసరం లేదు. చెక్కతో కొలత ప్రకారం చేయించుకున్న విల్లు చాలు.

ఇక్కడే తల్లిదండ్రులు పొరపాటు పడతారు. ఎదిగే పిల్లవాడికి చొక్కా కాస్త వదులుగా కుట్టించడం మన ఇళ్లలో అలవాటు. విల్లు విషయంలో ఆ లెక్క పనికిరాదు. మరో రెండేళ్లు పనికొస్తుందని గట్టి విల్లు కొంటే, దానిని లాగలేక భుజం నొప్పి పుడుతుంది, గురి కుదరదు. చివరకు విల్లు గోడకు వేలాడుతుంది, డబ్బు దండగవుతుంది.

విల్లుపై అచ్చువేసే లాగుడు బరువు సాధారణంగా 28 అంగుళాల లాగుడుకు లెక్కకట్టినది. రెండు చేతులూ బారచాచి, ఒక చేతి కొన నుంచి మరో చేతి కొన వరకు కొలిచి, దానిని రెండున్నరతో భాగిస్తే మనిషి లాగుడు సుమారుగా తెలుస్తుంది. బార 60 అంగుళాలుంటే లాగుడు 24 అంగుళాలు. అంగుళం తగ్గితే దాదాపు 2 పౌండ్లు తగ్గుతుంది గనుక, 24 పౌండ్లని రాసిన విల్లు ఆ పిల్లవాని చేతిలో సుమారు 16 పౌండ్లే. చిన్నపిల్లలకు 10 నుంచి 16, పెద్దవారికి 20 నుంచి 25 పౌండ్లతో మొదలుపెట్టడం మేలు. నిండుగా లాగి కొద్దిసేపు వణకకుండా నిలపలేని విల్లు వద్దనుకోవాలి.

పిల్లవాడు ఎదిగితే ఏం చేయాలి? దానికీ ఉపాయమున్నది. పిడి వేరు, పైనా కిందా బద్దలు వేరుగా మరలతో బిగించే విల్లును ఎంచుకోవాలి. బలం పెరిగినకొద్దీ బద్దలు మాత్రం మారిస్తే పిడి అలాగే పనికివస్తుంది. పిడి వరకు అనుభవమున్న వడ్రంగి చెక్కగలడు. బద్దలు మాత్రం విల్లు పని తెలిసినవారే చేయాలి. చెక్క ఈనె నిలువునా సాగాలి. ముడులు, పగుళ్లు ఉండరాదు. నారి ఎక్కించి చూసినప్పుడు అది రెండు బద్దల నడుమగా నిలవాలి, పక్కకు మెలితిరగరాదు. మెరుగు చూసి మోసపోరాదు. బాణాలు సైతం లాగుడుకు తగినంత పొడవుండాలి. పొట్టి బాణం చేతికే ప్రమాదం.

బాణం లేకుండా నారి లాగి వదిలితే విల్లు విరగవచ్చు. ఆట ముగియగానే నారి దించాలి, ఎండలో ఉంచరాదు. గురి వెనుక మట్టికట్ట ఉండాలి, ఆ దారిన మనుషులు, పశువులు తిరగరాదు. నల్లమల దగ్గరున్నదని వేటకు పోవడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

ఆ పాటి విల్లు కూడా కొనలేని ఇళ్లు పల్లెల్లో ఎన్నో. జాతీయ పోటీల్లో వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ విభాగం అటువంటి వారికి అందుబాటులో ఉన్నది. ప్రతి మండలంలో ఒక ఉన్నత పాఠశాలకైనా రెండు చెక్క విళ్లు, వేర్వేరు బరువుల బద్దలు, నేర్పే మనిషిని సమకూర్చితే ఏ తండ్రీ అప్పు చేయనవసరం లేకుండా పిల్లవాడు తన చేతికి తగిన విల్లు ఏదో తెలుసుకుంటాడు. జిల్లా క్రీడాధికారులు, గ్రామ పెద్దలు ఈ విషయంపై దృష్టి సారించాలి. అంతవరకు ఇంట్లో విల్లు కొనాలనుకునేవారు ముందు పిల్లవాని బార కొలవాలి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టాలి.