గని ఆయుష్షు ఊరికి తెలియాలి

పాల్వంచలో 2024 ఆగస్టు 5న కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ (కేటీపీఎస్) పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి నేలమట్టం చేశారు. మూడు తరాలకు కొండగుర్తులుగా నిలిచినవి ఒక్కరోజులో దుమ్మయ్యాయి. కాలం చెల్లిన యూనిట్లను తీసేయక తప్పదు, దానిపై పేచీ లేదు. ఆ టవర్ల నీడన బతికిన కాంట్రాక్టు కూలీకీ, గేటు ముందు టీకొట్టుకూ బదులు ఏం చూపించామన్నదే ప్రశ్న. అదే పాల్వంచలో స్పాంజ్ ఐరన్ కర్మాగారం 2010లో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీలో కలిసింది. కలిశాక బాగుపడుతుందనుకున్నారు, మూతపడింది.

ఇప్పుడు మేల్కోకపోతే రేపు బొగ్గు గనులున్న కొత్తగూడెం, మణుగూరు, టేకులపల్లి కూడా ఇదే దారి పడతాయి.

తెలుగునేల మీద బొగ్గు తవ్వకం మొదలైంది ఇల్లందులో, 1889లో. పాతవాళ్లు ఇప్పటికీ ఆ ఊరిని బొగ్గుట్ట అనే అంటారు. సింగరేణి బొగ్గు కంపెనీకి పేరిచ్చిన ఊరు కూడా ఆ పక్కనే ఉంది. ఇల్లందులో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్టులు (ఓసీలు) మిగిలాయి. బాయిలో వందల మంది చేసే పని ఓసీలో డంపర్లు, షావెళ్లు చేస్తాయి. పైమట్టి తీసే పని కాంట్రాక్టరుకు పోతుంది. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు సుమారు 40 వేలు. తండ్రి మస్టరు పడిన చోట కొడుకు కాంట్రాక్టరు వాహనం నడుపుతున్నాడు, అదీ దొరికితే.

పాత గని అయిపోయేలోగా కొత్త బ్లాకు చేతిలో ఉండాలి. కంపెనీ నిలబడేది అలాగే. కేంద్రం మాత్రం కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణఖని బ్లాకులను వేలానికి పెట్టింది. అందుకు నిరసనగా 2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు కార్మికులు గనుల్లోకి దిగలేదు. జెండాలు వేరైన సంఘాలన్నీ ఒక్క తాటిమీద నిలిచాయి. ఆ సమ్మె జీతం కోసం కాదు, రాబోయే పిల్లల పని కోసం. దాన్ని మరిచిపోవడం ప్రమాదం.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల లీజు ప్రైవేటు సంస్థలకు చెల్లదని, ప్రభుత్వ సంస్థలూ గిరిజన సహకార సంఘాలే తవ్వాలని 1997లో సమతా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలనీ చెప్పింది. ఏజెన్సీ బొగ్గు మీద చేయి వేసే ప్రతివారూ ముందు ఆ తీర్పు చదవాలి. ఉద్యోగాలు కావాలంటే, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కాకుండా ఆపే 1/70 చట్టాన్ని సడలించాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తోంది. భూమి పోయాక వచ్చే ఉద్యోగం కోయబిడ్డకు దక్కుతుందన్న నమ్మకం మాకు లేదు.

స్థానిక ఉద్యోగాలకు ఉన్న ఒక కంచె ఇప్పటికే కూలింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. కోయ మాట తెలిసిన పంతులు బడిలో ఉండాలన్న అవసరం మాత్రం తీర్పుతో పోలేదు. రాజ్యాంగానికి లోబడి మరో దారి వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

చేదు అనుభవాల మధ్య ఒక మంచి ఉదాహరణ సారపాకలో ఉంది. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన అక్కడి కాగితపు మిల్లు చుట్టూ జామాయిల్, సుబాబుల్ తోటలు విస్తరించాయి. భద్రాచలం క్లోన్లంటే దూరప్రాంతాల రైతులకూ తెలుసు. మొక్క పెంచేవాడు, కర్ర నరికేవాడు, లారీ డ్రైవరు, మిల్లులో షిఫ్టు చేసేవాడు అందరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అలాంటి యజమానికి ప్రభుత్వం అండగా నిలవడమంటే రోడ్డు బాగుచేయడం, కరెంటు తెగకుండా చూడటం, ఐటీఐలో ఆ మిల్లుకు పనికొచ్చే విద్య నేర్పడం. బదులుగా కర్రకు గిట్టుబాటు ధర, ఉద్యోగంలో స్థానికులకు మొదటి పిలుపు అడగడం. ఇవి రెండూ ఒకే ఒప్పందంలో ఉండాలి. అలాంటి ఒప్పందం దాకా రాని బయ్యారం ఉక్కు కర్మాగారం 2014 పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలులో ఒక వాక్యంగా మిగిలిపోయింది. ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు తేల్చమన్న వాక్యమది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. స్థానికం పేరు చెప్పి ఛత్తీస్‌గఢ్ నుంచి మిరపకోతకు వచ్చే గుత్తికోయ కుటుంబాల మీదికి కోపం మళ్లించవద్దు. వాళ్లు ఎవరి పర్మినెంటు కొలువూ లాక్కోలేదు.

2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక తప్పనిసరి. అందుకోసం ఏటా సొమ్ము ప్రత్యేక ఖాతాలో జమ చేయాలి. అంటే ఏ గని ఎన్నేళ్లు నడుస్తుందో కంపెనీ కాగితాల్లో ఉంది, ఊరికి మాత్రం తెలియదు. ఇల్లు కట్టడానికి అప్పు తెచ్చేవాడికి, కొట్టు పెట్టేవాడికి, పిల్లను ఏ చదువులో వేయాలో తేల్చుకోలేని తల్లికి ఆ లెక్క కావాలి. జిల్లా కలెక్టరు, సింగరేణి యాజమాన్యం కలిసి ఆ సంవత్సరాలను తెలుగులో రాయించి, ప్రతి గని గేటు దగ్గరా, చుట్టుపక్కల గ్రామపంచాయతీల గోడల మీదా పెట్టాలి. రాబోయే గ్రామసభల్లో అందరికీ చదివి వినిపించాలి.