యుద్ధవిమాన సాఫ్టువేర్ ఎవరి చేతికివ్వాలి? సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

మదురై మాట్టుతావణిలో టైడల్ పార్కుకు 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి స్టాలిన్ శంకుస్థాపన చేశారు. అంతకుముందే, 2019 జనవరిలో, తమిళనాడు రక్షణ పరిశ్రమల కారిడార్ మొదలైంది. అందులో చెన్నై, హోసూరు, సేలం, తిరుచ్చితో పాటు మన కోయంబత్తూరు ఉంది. మదురై పేరు లేదు. అయినా సాఫ్టువేర్ పనికి ఊరు అడ్డం కాదు. విమానాల సాఫ్టువేర్ పనులు మన పిల్లలకూ, మన చిన్న కంపెనీలకూ దక్కుతాయా అన్న ఆశ సహజమే. అయితే అలాంటి పని ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వాలు ఎలా తేలుస్తాయన్నది ముందు తెలుసుకోవాలి.

కోయంబత్తూరు ఫౌండ్రీలు, పంపుసెట్ల వర్క్‌షాపులు మనకు కొత్త కావు. కాస్టింగ్ బాగుందో లేదో గేజ్ పెట్టి చూస్తాం, తేడా వస్తే వెనక్కి పంపుతాం. సాఫ్టువేర్‌కు అలాంటి గేజ్ లేదు. సూలూరు స్థావరానికి 2018లో వచ్చిన తేజస్‌నే చూడండి. చురుగ్గా తిరగడం కోసం దాన్ని కావాలనే నిలకడ లేకుండా రూపొందించారు. నాలుగు వరుసల కంప్యూటర్ వ్యవస్థ క్షణక్షణం సరిదిద్దుతుంటేనే అది గాలిలో నిలుస్తుంది. అందులో తప్పు దొర్లితే వెనక్కి పంపే వ్యవధి ఉండదు.

ఈ చిక్కు అమెరికాకు ముందే ఎదురైంది. గడువు దాటి, ఖర్చు పెరిగిన సాఫ్టువేర్ కాంట్రాక్టులతో విసిగి, అక్కడి రక్షణశాఖ 1984లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్టువేర్ ఇంజనీరింగ్ సంస్థను పెట్టించింది. వాట్స్ హంఫ్రీ బృందం 1987లో వైమానిక దళం కోసం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. మార్పులను ఎలా నమోదు చేస్తారు, లోపాలను ఎలా లెక్కిస్తారు, గడువు అంచనా ఎలా వేస్తారు వంటివి అడిగి, అవునంటే రుజువు చూపమనేవారు. దాని నుంచే 1991లో ఐదు మెట్ల సీఎంఎం వచ్చింది.

పద్ధతి మంచిదే. పోనుపోను మెట్టే గొప్పగా మారి, పని వెనక్కి పోయింది. ఐదో మెట్టు సర్టిఫికెట్లను మన దేశంలో కంపెనీలు పోటీపడి తెచ్చుకున్నాయి. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కూ ఆ మెట్టు ఉండేది. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని దాని అధిపతే ఒప్పుకున్నారు. ఆ సర్టిఫికెట్ పని పద్ధతిని చూస్తుంది తప్ప ఖాతాలనూ, యాజమాన్యం నిజాయితీనీ చూడదు. ఎంతో అనుభవమున్న లాక్‌హీడ్ మార్టిన్‌కు కూడా ఎఫ్-35 కొత్త సాఫ్టువేర్ సిద్ధం కాక, 2023 జులై నుంచి ఏడాదిపాటు కొత్త విమానాల అప్పగింత ఆగిపోయింది.

మన అనుభవం ఇంకో పాఠం చెబుతుంది. 1998 అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ నియంత్రణ వ్యవస్థపై లాక్‌హీడ్‌తో కలిసి పనిచేస్తున్న మన ఇంజనీర్లు తిరిగి రావలసి వచ్చింది. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ అప్పుడు కార్యక్రమ అధిపతి. మిగిలిన పనిని బెంగళూరులోనే పూర్తి చేసి, 2001 జనవరి 4న తొలిసారి ఎగరేశారు. మనుషులూ, వారికి తెలిసిన పనీ మన దగ్గరే ఉండబట్టి అది సాధ్యమైంది. ఇది ఏ మెట్టూ కొలవని సామర్థ్యం.

ఇప్పటి నిబంధనల సంగతి చూద్దాం. డీఏపీ 2020 ప్రకారం సాంకేతిక పరీక్షలో నెగ్గినవారిలో సాధారణంగా తక్కువ ధర చెప్పినవారికే కాంట్రాక్టు. అంటే అంచు మీద నెగ్గినవాడూ, బాగా నెగ్గినవాడూ దాదాపు ఒకే వరుసలో నిలుస్తారు. కాస్టింగ్‌కు ఇది సరిపోవచ్చు, విమాన సాఫ్టువేర్‌కు సరిపోదు. తరువాత బెంగళూరులోని సెమిలాక్ తనిఖీ చేస్తుంది, నిజమే. అక్కడ తప్పు దొరికేసరికి డబ్బూ కాలమూ ఖర్చయిపోయి ఉంటాయి.

అందుకే ఎంపిక సమయంలోనే మూడు సంగతులు అడగాలని మేము భావిస్తున్నాం. గత పనుల్లో ఎన్ని లోపాలు ఏ దశలో దొరికాయో చూపే రికార్డు ఉందా? రాసినవారు కాక వేరేవారు పరీక్షించారా? విమాన సాఫ్టువేర్ ప్రమాణం డీఓ-178సీ కూడా ప్రాణాపాయమున్న చోట ఇదే కోరుతుంది. మూడోది, సోర్స్ కోడ్, పరీక్షల వివరాలు వాయుసేన చేతికి వస్తాయా? కాంట్రాక్టరు రేపు దుకాణం కట్టేసినా విమానం ముప్పై ఏళ్లు ఎగరాలి కదా.

ఇలా అడిగితే మన చిన్న కంపెనీలకూ న్యాయం జరుగుతుంది. పెద్ద సర్టిఫికెట్‌కు లక్షలు పెట్టలేని ఇరవైమంది కంపెనీ కూడా తన లోపాల పుస్తకాన్ని నిజాయితీగా రాసుకోగలదు. 2018లో మొదలైన ఐడెక్స్ పథకం చిన్న సంస్థలకు తలుపు తీసింది కాబట్టి, ఆ పుస్తకాన్ని ఇప్పటి నుంచే రాయాలి. పిల్లలూ కోడ్ రాయడంతో ఆగక, పరీక్షించడం, దాన్ని కాగితం మీద పెట్టడం నేర్చుకోవాలి. మిల్లులో, ఫౌండ్రీలో మన పెద్దలకు పేరు తెచ్చింది చెప్పిన కొలతకు చెప్పినట్టు చేసిచ్చిన పనే. ఈ రంగంలోనూ అడగవలసింది అదే.